మేనల్లుడి పడవ లెక్కలు

చెన్నపట్నం రాజాజీ సాలైలో ఒక క్లియరింగ్ ఏజెంటుగారి ఆఫీసులో ఇరవై రెండేండ్లుగా గుమాస్తాగిరి చేస్తున్నాము. ఇన్నేండ్లలో ఓడ ఎక్కిన పాపాన పోలేదు. మాకు తెలిసిన సముద్రమంతా కాగితాల మీదిదే. సరుకు బరువెంత, పెట్టె బరువెంత, రెండూ కలిపి ఎంత, ఎవరి సంతకం, ఏ తేదీ! అటువంటి వాళ్ళము తెరచాప పడవల నడకను గురించి వ్రాయబోతున్నామంటే పాఠకులు నవ్వుకొంటారేమో. నవ్వుకొన్నా ఫరవాలేదు. మన కుటుంబాల పిల్లలు ఇప్పుడు ఏ దేశంలో ఏ సరదా పెట్టుకొంటున్నారో ఇక్కడి పెద్దలకు తెలియదు గదా. ఒక తల్లికి పనికివచ్చిన లెక్క ఇంకొక తల్లికి పనికిరాకపోతుందా?

మా అక్కయ్యకు ఒక్కడే కొడుకు. ఇంగ్లండు దక్షిణ తీరాన సౌతాంప్టనులో ఇంజనీరుగా ఉన్నాడు. ఆ ఊళ్ళో మనవాళ్ళు స్కూటరు కొన్నట్టు జనం తెరచాప పడవలు కొంటారట. వీడూ, ఇద్దరు స్నేహితులూ కలిసి ఒక పాత పడవను వాటాల మీద కొనాలనుకొన్నారు. మొదటి వేసవిలో ఇంగ్లీషు ఛానలు దాటి ఫ్రాన్సు, ఆ పై సంవత్సరం బిస్కే అఖాతం దాటి స్పెయిన్. వాడి వాటాకు కొంత తక్కువపడి తల్లిని అడిగినాడు. అక్కయ్య దగ్గర ఉన్నదల్లా బావగారు పోయిన తరువాత వచ్చిన ప్రావిడెంటు ఫండు సొమ్ము. బ్యాంకులో డిపాజిటు చేసుకొని ఆ వడ్డీతో కాలం గడుపుతున్నది.

"డబ్బు సంగతి తర్వాత చూద్దాం. అది బోల్తా పడుతుందా పడదా, అది చెప్పు తమ్ముడూ. నువ్వు హార్బరులోనే గదా ఉంటావు" అన్నది.

హార్బరులో ఉండడం వేరు, పడవ తెలియడం వేరని చెప్పి చూశాము. వినలేదు. వాడేమో, "మామయ్యా, మీరు లెక్కలు చూసి సరేనంటే అమ్మ ఒప్పుకుంటుంది" అని రెండు పడవల కాగితాలు ఈమెయిలులో పంపినాడు. ఒక్కొక్క కాగితం అడుగున అయిదారు అంకెలు. వాటికి నిష్పత్తులని పేరు. ఆ అంకెలు ఎక్కడినుంచి పుట్టుకొచ్చినవో తెలుసుకొనడానికి మాకు రెండు నెలల ఆదివారాలు పట్టినవి. లెక్క మాత్రం పదో తరగతి లెక్కను మించినది కాదు.

మొదటి పడవ పేరు కాంటెస్సా 32. డేవిడ్ సాడ్లర్ అనే ఆయన గీసిన నమూనా. 1970 ప్రాంతంలో ఇంగ్లండులోని లిమింగ్టనులో కట్టడం మొదలుపెట్టినారు. మొత్తం పొడవు 32 అడుగులు. నీళ్ళలో ఉన్నప్పుడు నీటిగీత వెంబడి కొలిస్తే 24 అడుగులే. వెడల్పు 9 అడుగుల 6 అంగుళాలు. బరువు 9,500 పౌండ్లు; అందులో 4,500 పౌండ్లు పడవ అడుగున రెక్కలాగా క్రిందికి దిగిన కీలులో పెట్టిన బరువు. తెరచాపల విస్తీర్ణం 562 చదరపు అడుగులు.

రెండవది ఈ మధ్య కాలపు కట్టడం. పేరు ఎందుకు లెండి, ఆ మోస్తరు పడవలు యూరపు రేవుల్లో ఎన్నో ఉన్నవి. అదీ 32 అడుగులే గాని నీటిగీత 29 అడుగులు. ముక్కూ తోకా నిటారుగా కోసేసినట్టు ఉంటుంది. వెడల్పు 11 అడుగుల 3 అంగుళాలు. బరువు 8,800 పౌండ్లు, అందులో అడుగు బరువు 2,500. తెరచాపలు 540 చదరపు అడుగులు.

ఈ అంకెలను ఉత్తినే పక్కపక్కన పెట్టి చూస్తే ఏమీ తెలియదు. ఒక పడవను అన్ని వైపులా రెట్టింపు చేసి కట్టినామనుకోండి. తెరచాప నాలుగింతలవుతుంది, బరువు ఎనిమిదింతలవుతుంది. గాలి పడవను ఒరగదోసే బలం ఎనిమిదింతలయితే, ఒరగకుండా నిలబెట్టే బలం పదహారింతలవుతుంది. అందుకే పెద్ద పడవ దానంతటదే కుదురుగా నిలబడుతుంది, చిన్నది గింజుకొంటుంది. చిన్నదాన్నీ పెద్దదాన్నీ ఒక తక్కెడలో తూచడానికి పనికివచ్చేటట్టు నౌకా శిల్పులు ఈ నిష్పత్తులను ఏర్పరచినారు.

ఇందులో ఒక చక్కని కిటుకు ఉన్నది. పడవ తాను ఎంత బరువో అంత బరువు నీటిని పక్కకు నెడుతుందని బడిలో చదువుకొన్నాము. సముద్రపు నీరు ఘనపుటడుగుకు 64 పౌండ్లు తూగుతుంది. కాబట్టి కాంటెస్సా బరువును 64తో భాగిస్తే 148 ఘనపుటడుగుల నీరు. ఆ నీటినంతా ఒక చదరపు డబ్బాలో పోసినామనుకోండి. పొడవూ వెడల్పూ ఎత్తూ సమానంగా ఉండే డబ్బా. దాని భుజం ఎంత ఉండాలి? 5.3 అడుగులు. 5.3ను మూడుసార్లు హెచ్చవేసి చూసుకొనవచ్చును. ఈ డబ్బా ఒక్కటి మనస్సులో పెట్టుకొంటే నిష్పత్తుల్లో ముఖ్యమైనవి రెండూ ఇట్టే తెలిసిపోతవి.

డబ్బా మూత విస్తీర్ణం 28 చదరపు అడుగులు. తెరచాప 562. మూతకు ఎన్ని రెట్లు తెరచాప ఉన్నది? ఇరవై రెట్లు. ఇదే తెరచాపకూ బరువుకూ నిష్పత్తి, అనగా పడవకున్న ఎద్దుల సత్తువ. 16కు లోపయితే పడవ బద్ధకస్తురాలు. 16 నుంచి 20 దాకా సంసారపక్షంగా తిరిగేందుకు బాగు. 20 దాటితే పందెపు రక్తం. రెండో పడవకు కట్టి చూస్తే డబ్బా భుజం 5.16, మూత 26.6, నిష్పత్తి 20.3. రెండింటికీ దాదాపు ఒకటే! మా మేనల్లుడు ఈ ఒక్క అంకె చూసి, "రెండూ ఒకటే మామయ్యా, కొత్తది తీసుకుంటే ఏం" అన్నాడు. ఎద్దులు సమానమయితే బండ్లు సమానమవుతవా?

వేగం సంగతి చూద్దాము. పడవ నీళ్ళలో పోతూ తన అలను తానే పుట్టిస్తుంది. వేగం పెరిగేకొద్దీ ఆ అల పొడుగవుతుంది. అల పొడవు పడవ నీటిగీత పొడవుతో సమానమైనప్పుడు పడవ తాను త్రవ్వుకొన్న గుంటలో కూర్చుండిపోతుంది. ఆ పైన గట్టెక్కాలంటే చాలా బలం కావాలి. నీటిగీత అడుగులకు వర్గమూలం కట్టి 1.34తో హెచ్చవేస్తే ఆ హద్దు నాట్లలో వస్తుంది. కాంటెస్సాకు 6.6, కొత్తదానికి 7.2. తేడా అర నాటు చిల్లరే, అయినా ఇరవైనాలుగు గంటలకు పదిహేను మైళ్ళు. తేలిక పడవయితే మంచి గాలిలో ఆ గట్టునెక్కి హద్దు దాటిపోగలదు కూడాను. ఎంత తేలికో చెప్పడానికి ఇంకొక నిష్పత్తి ఉన్నది: బరువును ఇంగ్లీషు టన్నుల్లోకి మార్చి, నీటిగీతలో నూరోవంతును మూడుసార్లు హెచ్చవేసిన దానితో భాగించడం. కాంటెస్సాకు 307 వచ్చినది, కొత్తదానికి 161. వంద నుంచి రెండువందల దాకా తేలిక, మూడువందలు దాటితే బరువు క్రింద లెక్క. కాబట్టి కొత్త పడవ వేగమైనది. ఇందులో వాదం లేదు.

ఇక అక్కయ్య అడిగిన మాట.

1979 ఆగస్టులో ఇంగ్లండులోని కౌస్ రేవు నుంచి ఐర్లండు దక్షిణాన ఫాస్ట్‌నెట్ అనే రాతిదీవిని చుట్టి ప్లిమత్‌కు చేరే పందెంలో 303 పడవలు బయలుదేరినవి. 13వ తేదీ రాత్రి తుపాను వాటి మీద పడ్డది. పందెగాళ్ళు 15 మంది చనిపోయినారు. 24 పడవలను మనుషులు విడిచిపెట్టి పోయినారు. వాటిలో మునిగినవి అయిదే, తక్కినవి ఆ తరువాత తేలుతూనే దొరికినవి. అది చదివిన రాత్రి మాకు నిద్ర పట్టలేదు. చివరిదాకా చేరినవి తొంభైకి లోపు. అన్నింటికన్నా చిన్న తరగతిలో గమ్యం చేరినది ఒక్కటే పడవ. దాని పేరు అసెంట్. అది కాంటెస్సా 32.

ఆ దుర్ఘటన తరువాత పడవలు ఎందుకు తలక్రిందులయినవో పరిశోధన జరిగినది. అందులోంచి అమెరికాలోని క్రూజింగ్ క్లబ్బు సాంకేతిక సంఘంవారు ఒక సులభమైన జల్లెడ తయారు చేసినారు. మన డబ్బాయే మళ్ళీ. పడవ వెడల్పును డబ్బా భుజంతో భాగించాలి. రెండుకు లోపు వస్తే బయటి సముద్రానికి పోవడానికి పరిశీలించవచ్చును. రెండు దాటితే అనుమానించవలె. కాంటెస్సాకు 1.79. కొత్తదానికి 2.18.

వెడల్పయిన పడవే గదా కుదురుగా ఉండాలి, అది తప్పెట్లా అయినదని మా ఇంట్లో ఆమె అడిగినది. మంచి ప్రశ్న. జవాబుకు మేము ఇంట్లోని రెండు వస్తువులు తెచ్చినాము: ఒకటి భోజనాల పీట, రెండవది పిల్లల తంజావూరు బొమ్మ.

తొట్టి నీళ్ళలో పీటను వేయండి. ఎంత కుదురుగా ఉంటుంది! చేత్తో ఒక అంచు నొక్కినా మొండికేస్తుంది. కాని బలం పెట్టి తిరగేశారో, బోర్లాపడి అంతే కుదురుగా ఉండిపోతుంది. దానికి పైదీ క్రిందదీ రెండూ ఒకటే. తంజావూరు బొమ్మ అలా కాదు. చిటికెన వ్రేలితో తాకితే ఊగుతుంది, చూసేవారికి ఇప్పుడే పడిపోతుందేమో అనిపిస్తుంది. పూర్తిగా పడుకోబెట్టి వదలండి, లేచి కూర్చుంటుంది. బరువంతా అడుగున ఉన్నది గనుక.

వెడల్పు వల్ల వచ్చే కుదురు మొదటి కుదురు. అడుగు బరువు వల్ల వచ్చేది చివరి కుదురు. రేవులో టీ త్రాగేటప్పుడు మొదటిది కావాలి. నడిరాత్రి విరిగిపడే అల ప్రక్కనుంచి కొట్టినప్పుడు చివరిది కావాలి. కాంటెస్సాలో అడుగు బరువు మొత్తంలో నూటికి 47 వంతులు, కొత్తదానిలో 28. కాంటెస్సా 155 డిగ్రీల దాకా, అనగా తెరచాప కొయ్య నీళ్ళలోకి పోయి దాదాపు తలక్రిందులయ్యేదాకా ఒరిగినా, తనంతట తాను లేవగలదని దాని లెక్కలు చెప్పుతున్నవి. వెడల్పుగా, తేలికగా కట్టిన పడవలు చాలా వాటికి ఆ శక్తి అంతకు ఎంతో ముందే అయిపోతుంది.

మా వీధిలో కాశిమేడు నుంచి చేపలు తెచ్చే పెద్దాయన ఉన్నాడు. చిన్నతనంలో కట్టుమరం మీద పోయినవాడు. ఇప్పుడు కొడుకులు ఫైబరు పడవల మీద పోతున్నారు. ఈ నిష్పత్తులను తమిళంలో ఆయనకు వివరించబోయినాము. చాలాసేపు విని, "మాకీ బాధ లేదయ్యా. కట్టుమరం వెల్లకిలా పడ్డా మరమే, బోర్లా పడ్డా మరమే. తిరగేసుకొని ఎక్కుతాం" అన్నాడు. ఆయన చెప్పింది నిజం. లోపల గది లేదు, నీళ్ళు నిండేందుకు చోటు లేదు. ఈ జల్లెడ ఒంటి పొట్ట పడవలకే గాని దుంగలు కట్టినవాటికీ, రెండు పొట్టల పడవలకూ వర్తించదు. 'కెటమరాన్' అనే ఇంగ్లీషు మాట మన కట్టుమరంలోంచే పోయినదని మేనల్లుడికి వ్రాశాము. తెలుసునని జవాబు వ్రాశాడు.

సుఖం సంగతికి కూడా ఒక అంకె ఉన్నది. టెడ్ బ్రూవర్ అనే నౌకా శిల్పి సగం వేళాకోళంగా కల్పించినానని తానే చెప్పుకొన్నాడు, లోకం మాత్రం దాన్ని పూర్తిగా నమ్మింది. పడవ బరువును, నీటి మీద అది పరచుకొన్న విస్తారంతో, వెడల్పుకు కాస్త ఎక్కువ పాలు ఇచ్చి భాగించడం దాని పద్ధతి. మా ఆఫీసు ముందర లారీలను చూసేవారికి ఇది చెప్పనక్కరలేదు. ఖాళీ లారీ గుంటలో పడితే ఎగిరి దూకుతుంది. నిండు లారీ మెల్లగా దిగి మెల్లగా లేస్తుంది. కడుపులో త్రిప్పేది ఆ ఎగురుడే. 20కి లోపయితే పందెపు పడవల ఎగురుడు, 20 నుంచి 30 దాకా తీరం వెంట తిరిగేవాటి నడక, 30 దాటితే దూరసముద్రపు నిండు నడక అని బ్రూవర్ విభజన. కాంటెస్సాకు 27.5, కొత్తదానికి 18.

అయితే ఇది పరుపుల సుఖం కాదు. కొత్త పడవలో వెనుకవైపు రెండు గదులు, నిలబడి వండుకొనే వంటిల్లు, మంచి వెలుతురు. కాంటెస్సా లోపల సన్నగా, చీకటిగా, రైలుపెట్టెలాగా ఉంటుందట. నీళ్ళు ఎగిరి మీద పడతవట కూడాను. నిజం చెప్పాలంటే పడవలు కొన్నవారిలో చాలామంది రాత్రులు గడిపేది రేవులోనే. వారికి వెడల్పు పడవ మంచి పడవే. అమ్మేవాడు మోసగాడు కాడు. మనవాడు బిస్కే అన్నాడు గనుక మనకీ తగాదా.

ఇంతవరకూ చదివి మేము కాంటెస్సాకు ఓటు వేసినామని మీరనుకొంటారు. అంత సులభం కాదు. ఈ లెక్కల్లోని బోలుతనం గుమాస్తా కంటికి తొందరగా కనిపిస్తుంది.

ఆ జల్లెడలో ఉన్నవి రెండే సంగతులు, వెడల్పూ బరువూ. బరువు ఎక్కడ ఉన్నదో అది అడగదు. అడుగున సీసమున్న పడవా, అదే బరువు కొయ్య చివర కట్టుకొన్న పడవా దానికి సమానమే. ఇంకా చిత్రం చూడండి. పడవ పైకప్పు మీద నాలుగు నీళ్ళ పీపాలూ ఒక ఫ్రిజ్జూ ఎక్కించండి. బరువు పెరుగుతుంది, డబ్బా పెద్దదవుతుంది, అంకె తగ్గుతుంది. కాగితం ప్రకారం పడవ మరింత క్షేమం! సుఖపు అంకె కూడా పెరిగిపోతుంది. నిజంలో ఆ పడవ బోల్తాకు ఒక అడుగు దగ్గరయినది.

రెండవది, ఆ బరువు ఎవరు తూచినారు? ఓడకెక్కే కంటెయినరు పెట్టెల మీద సరుకువాళ్ళు నోటికొచ్చిన బరువు వ్రాసేవాళ్ళు. ప్రమాదాలయినవి. 2016 జూలై 1 నుంచి తూచిన బరువుకు ధ్రువపత్రం లేనిదే పెట్టెను ఓడకెక్కించరాదని అన్ని దేశాలకూ నిబంధన వచ్చినది. ఆ పత్రాలను రోజుకు ఇన్నని చూసే వాళ్ళము గనుక, "9,500 పౌండ్లు" అని అచ్చు వేసిన పుస్తకాన్ని చూడగానే మా మనస్సు, "ఖాళీదా, నిండుదా?" అని అడిగినది. పుస్తకంలోది ఖాళీ పడవ. అందులో నీళ్ళు, నూనె, బియ్యం, లంగరు గొలుసు, ముగ్గురు మనుషులూ లేరు. తెరచాప విస్తీర్ణమూ అంతే. ముందు తెరచాపలో చిన్నది లెక్క వేసినారా, కొయ్య వెనక్కు పొర్లే పెద్దది లెక్క వేసినారా అన్నదాన్ని బట్టి అదే పడవకు రెండు అంకెలు వస్తవి. ఒకరు నెట్టూ ఒకరు గ్రాసూ చెప్పుతుంటే పోలిక ఎక్కడిది?

మూడవది సముద్రానిది. సౌతాంప్టను విశ్వవిద్యాలయంలో నమూనా పడవల మీద పరీక్షలు చేసినారు. విరిగిపడే అల ఎత్తు పడవ పొడవులో నూటికి 30 వంతులుంటే ప్రక్కనుంచి కొట్టి కొన్ని పడవలను తిరగేసినది. 60 వంతులుంటే పరీక్షించిన అన్నింటినీ దొర్లించినది. 32 అడుగుల పడవకు 60 వంతులంటే పంతొమ్మిది అడుగుల అల. అంత అల ముందు ఏ నిష్పత్తీ నిలబడదు. నిలబడని తరువాత తిరిగి లేవడం ఒక్కటే మిగిలేది.

మన దేశపు వాళ్ళ సంగతే చూడండి. రాబిన్ నాక్స్-జాన్‌స్టన్ 1968-69లో ఒంటరిగా, ఎక్కడా ఆగకుండా ప్రపంచాన్ని మొట్టమొదట చుట్టి వచ్చిన సుహైలీ మన బొంబాయిలో టేకుతో కట్టిన పడవ. సుమారు 32 అడుగులదే. బరువైన పాతకాలపు కట్టు. దాని నమూనాలోనే గోవాలో కట్టిన తురీయతో అభిలాష్ టామీ 2018లో గోల్డెన్ గ్లోబ్ పందానికి పోయినాడు. ఆ సెప్టెంబరులో దక్షిణ హిందూ మహాసముద్రపు తుపానులో పడవ దొర్లి, కొయ్య విరిగి, ఆయన వెన్నుకు దెబ్బ తగిలి, మూడు రోజుల తరువాత ఒక ఫ్రెంచి నౌక వచ్చి రక్షించినది. బరువైన మంచి పడవే దొర్లినది. పడవ తేలుతూ ఉన్నది కాబట్టే మనిషి దొరికినాడు. ఆయనే 2022 పందెంలో రస్లర్ 36 అనే ఇంకొక బరువు పడవతో బయలుదేరి 2023లో రెండవవాడుగా గమ్యం చేరినాడు. ఇక మన నౌకాదళపు ఆడపిల్లలు ఆరుగురు 2017 సెప్టెంబరు నుంచి 2018 మే దాకా తారిణి మీద ప్రపంచాన్ని చుట్టి వచ్చినారు. వారిలో స్వాతి విశాఖపట్నం పిల్ల, ఐశ్వర్య హైదరాబాదు పిల్ల. అక్కయ్యకు ఈ మాట చెప్పితే ముఖం కొంచెం తేటపడ్డది. అయితే తారిణి 56 అడుగుల పడవ. పెద్దదాని కుదురు మొదట చెప్పినాము గదా. ఆ ధైర్యాన్ని 32 అడుగులదానికి అప్పు తెచ్చుకోకూడదు.

కాబట్టి మేము అక్కయ్యతో సరేననలేదు, కాదనలేదు. మేనల్లుడికి ప్రశ్నలు వ్రాశాము. కాంటెస్సా బరువు పుస్తకంలోదా, తూచినదా? తెరచాపల లెక్కలో ఏ తెరచాపలున్నవి? కట్టినప్పుడు లేని వస్తువులు పైన ఏమేమి చేర్చినారు? కొయ్యను నిలబెట్టే తీగలు ఏ సంవత్సరంలో మార్చినారు? కొత్త పడవకయితే యూరపు నిబంధన ప్రకారం 1998 నుంచి తరగతి పలక ఉండవలె. దాని మీద ఏ అక్షరమున్నది? ఎంతదాకా ఒరిగితే లేస్తుందనే పటం ఉన్నదా? మా ఆవిడ ఇంకొకటి చేర్పించినది: ముగ్గురిలో ఈత వచ్చినవారెందరు?

పది రోజులకు జవాబు వచ్చినది. కొత్త పడవ పలక మీద అక్షరం బి అట; తీరానికి కొంత దూరం దాకా పోవడానికే గాని మహాసముద్రానికి కాదు. దానితో ఆ పడవ కథ వాడే ముగించినాడు. కాంటెస్సాను క్రేను మీద ఎత్తించి తూయించినాడు. 10,600 పౌండ్లు! పుస్తకానికన్నా పదకొండు వందలు ఎక్కువ. మళ్ళీ డబ్బా కట్టినాము. భుజం 5.49, జల్లెడ అంకె 1.73కు దిగినది, ఎద్దుల సత్తువ 20 నుంచి 18.6కు తగ్గినది. ఆ అదనపు బరువులో చాలా భాగం వెనకటి యజమాని దింపని పాత గొలుసూ, పైన బిగించిన రాడారు స్తంభమూ, రెండో లంగరూ. అవి దించి మళ్ళీ తూయించమని వ్రాశాము. పైనుంచి దిగిన ప్రతి పౌండుకూ జల్లెడ అంకె చెడుతుంది, పడవ బాగుపడుతుంది. కంగారుపడవద్దని కూడా వ్రాశాము. ఈత ముగ్గురికీ వచ్చునట.

తీగల సంగతి మాత్రం యజమానికి గుర్తులేదట. పది పన్నెండేళ్ళకు మార్చడం ఆ దేశంలో వాడుక. గుర్తులేదంటే మార్చలేదనే మా లెక్క. ఆఫీసులో అయినా అంతే. తీగలు మార్పించి రసీదు పంపితే గాని వాటా సొమ్ము కదలదని వాడికి చెప్పినాము. అక్కయ్య బ్యాంకుకు పోయి డిపాజిటు మధ్యలో తీస్తే వడ్డీ ఎంత పోతుందో అడిగి వచ్చినది. వచ్చే నెలాఖరుకు గడువు ఎట్లాగూ తీరుతుందట. అప్పటిదాకా ఆగమన్నది. రసీదు ఇంకా రాలేదు.